అరవై దాటిన దంపతులం: చైనాలో ఏ ఊళ్ళు చూడాలి, ఏవి వదులుకోవాలి?

తెనాలి మాస్టారు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించి పదవీ విరమణ చేశాను. నాకు అరవై ఎనిమిదేళ్ళు, నా శ్రీమతికి అరవై నాలుగు. వచ్చే శరదృతువులో పిల్లల తోడు లేకుండా మేమిద్దరమే చైనా వెళ్ళి రావాలని ఆలోచిస్తున్నాము. హ్యూయన్‌త్సాంగ్ మన ధాన్యకటకానికి (నేటి అమరావతి ప్రాంతానికి) వచ్చి, అక్కడి భిక్షువుల దగ్గర కొన్ని నెలలు అభిధర్మం అనే బౌద్ధ శాస్త్రం చదువుకున్నాడని ఏటా తరగతిలో చెప్పేవాడిని. ఆయన ఇక్కడి నుంచి మోసుకెళ్ళిన గ్రంథాలు ఏ ఊరికి చేరాయో ఆ ఊరు చూడాలన్నది నా కోరిక. మా ఆవిడకు మాత్రం మహాకుడ్యం మీద ఒక్కసారి నిలబడితే చాలట.

ఒక ప్రయాణ సంస్థ వారు బీజింగ్, లోయాంగ్, షియాన్, గ్వీలిన్, హాంగ్‌జౌ, సుజౌ, షాంఘై నగరాలన్నింటినీ రెండు వారాల లోపే చుట్టి వచ్చేలా ఒక పట్టిక ఇచ్చారు. చదువుతుంటేనే ఆయాసం వచ్చింది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. సమతలం మీద నెమ్మదిగా నడవగలరు కానీ మెట్లు కష్టం. ఇద్దరమూ శాకాహారులం, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు. ఈ పట్టికలో ఏది ఉంచుకోవాలో, ఏది తీసివేయాలో, భాష రాని చోట డబ్బు చెల్లింపులు, రైళ్ళు, భోజనం ఎలా జరుపుకోవాలో అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.

ఓరుగల్లు బాటసారి:

మాస్టారూ, నమస్కారం. మేమూ మీ వయసు దంపతులమే, ఆ ఊళ్ళలో చాలావరకు మా అంతట మేమే తిరిగి వచ్చాము. నా అభిప్రాయం నేరుగా చెబుతున్నాను: ఏడు నగరాలను నాలుగుకు తగ్గించండి. చైనాలో పెద్దవాళ్ళను అలసిపోయేలా చేసేది ఊరికీ ఊరికీ మధ్య దూరం కాదు, ఎందుకంటే రైళ్ళు అంత హాయిగా ఉంటాయి. చూడవలసిన ప్రతి చోటా ద్వారం దాటిన తరువాత మొదలయ్యే నడకే అసలు అలసట. బీజింగ్‌లోని నిషిద్ధ నగరమే తీసుకోండి. దక్షిణ ద్వారం నుంచి ఉత్తర ద్వారం దాకా తిన్నగా నడిస్తేనే దాదాపు ఒక కిలోమీటరు. అటూ ఇటూ ఉన్న మందిరాలు చూస్తూ వెళితే అది మూడింతలవుతుంది. పైగా దక్షిణం వైపు నుంచి ప్రవేశించి ఉత్తరం లేదా తూర్పు వైపు నుంచే బయటకు రావాలి కాబట్టి, సగంలో అలసిపోయినా వెనక్కి తిరగడం కుదరదు. అది 1420లో పూర్తయిన మింగ్ వంశపు రాజప్రాసాదం. మధ్య వరుసలోని పెద్ద మందిరాలకు ఎత్తయిన పాలరాతి వేదికల మెట్లు ఉన్నాయి. వాటిని కింది నుంచే చూసి, పక్కనున్న చిన్న ప్రాంగణాలలో తిరిగితే ఆవిడకు ఇబ్బంది ఉండదు, జనం కూడా పలచగా ఉంటారు. సోమవారం సెలవు. టికెట్లు పాస్‌పోర్టు సంఖ్యతో ముందుగా ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. రోజుకు ఇంతమందినే అనుమతిస్తారు కాబట్టి అక్కడికి వెళ్ళి చూసుకుందామనుకుంటే కుదరదు.

మహాకుడ్యం ఎక్కడానికి బాదలింగ్ అనే చోటు కంటే ముతియాన్యు అనే చోటు మేలు. బీజింగ్ నుంచి సుమారు డెబ్భై కిలోమీటర్లు, కారు మాట్లాడుకుని వెళ్ళవచ్చు. అక్కడ పైకి వెళ్ళడానికి రెండు రకాల తీగమార్గాలు ఉన్నాయి. ఒకటి కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే తెరిచిన కుర్చీలది. అది పూర్తిగా ఆగదు, కదులుతుండగానే ఎక్కి దిగాలి. రెండవది తలుపులు మూసుకునే పెట్టెల కేబుల్ కారు, అది పద్నాలుగో బురుజు దగ్గర దింపుతుంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు రెండవదే ఎక్కాలి. దిగిన చోటే గోడ మీద నిలబడి, కొండల శిఖరాల మీదుగా అది ఎంత దూరం సాగిందో చూసి, వీలైతే ఒక్క బురుజు దాకా నడిచి తిరిగి రావచ్చు.

బీజింగ్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది స్వర్గాలయ ఉద్యానవనంలో గడిపిన ఉదయం. ఆ ఆలయం కన్నా దాని చుట్టూ పోగయ్యే ఆ ఊరి పదవీ విరమణ దంపతులే చూడదగినవారు. ఒక మూల తైచీ సాగుతుంటే, మరో మూల పేకాట, బృందగానం, జంటలుగా నాట్యం జరుగుతుంటాయి. మా వారిని ఒకావిడ చేయి పట్టుకుని వరుసలోకి లాగితే ఆయన సిగ్గుపడుతూనే నాలుగు అడుగులు వేశారు.

బీజింగ్ తరువాత రైలులో లోయాంగ్, అక్కడి నుంచి షియాన్ పెట్టుకోండి, అవి రెండూ ఒకే దారిలో ఉన్నాయి. లోయాంగ్‌లో లాంగ్‌మెన్ గుహలు నది ఒడ్డున ఉన్నాయి. చాలా దూరం బ్యాటరీ బండి ఉంది కానీ పదిహేడు మీటర్ల పెద్ద బుద్ధుడి ముందుకు చేరాలంటే మెట్లు ఎక్కక తప్పదు. నదికి అవతలి ఒడ్డు నుంచి చూస్తే ఆ విగ్రహం మొత్తంగా, ఇంకా అందంగా కనిపిస్తుంది. అదే ఊరిలోని శ్వేతాశ్వ ఆలయాన్ని వదలకండి. భారతదేశం నుంచి వెళ్ళిన ఇద్దరు భిక్షువుల కోసం క్రీ.శ. 68లో కట్టారని సంప్రదాయం చెబుతుంది, వారి సమాధులు కూడా ఆ ఆవరణలోనే ఉన్నాయి. పక్కనే సాంచీ స్తూపం నమూనాలో కట్టిన భారతీయ ఆలయాన్ని 2010లో అప్పటి మన రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించారు. గ్వీలిన్ ఈ దారికి చాలా దూరం, దానిని తీసివేయండి.

అమరావతి అభిమాని:

మాస్టారి అసలు కోరిక షియాన్ కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా రాస్తాను. చైనా మొదటి చక్రవర్తి సమాధికి కాపలాగా పూడ్చిన మట్టి సైనికుల మ్యూజియం అందరూ చూసేదే, మీరూ చూడండి. 1974లో బావి తవ్వుతున్న రైతులకు తగిలిన ఆ సైన్యాన్ని, ఒకటో గుంట గట్టు మీద నిలబడి చూసినప్పుడు కలిగే విస్మయాన్ని ఏ ఫొటో కూడా ఇవ్వలేదు. అయితే అది ఊరికి చాలా దూరం, అర పూట పైనే పడుతుంది. అదే రోజు మరొకటి చూద్దామని ఆశపడకండి.

హ్యూయన్‌త్సాంగ్ కోసం వెళ్ళవలసిన చోట్లు రెండు. మొదటిది ఊరిలోనే ఉన్న పెద్ద బాతు గోపురం. 645లో ఆయన ఆనాటి చాంగాన్‌కు, అంటే నేటి షియాన్‌కు, 657 గ్రంథాలతో తిరిగి వచ్చారు. వాటిని భద్రపరచడానికి ఆయన కోరిక మీదనే 652లో ఈ గోపురం కట్టారు. ఇప్పుడున్నది ఏడంతస్తులు. లోపల మెట్లే తప్ప లిఫ్టు లేదు, ఎక్కడానికి వేరే టికెట్ కూడా తీసుకోవాలి. అందుచేత మీరు ఎక్కినా, అమ్మగారు ఆలయ ప్రాంగణంలో చెట్ల కింద కూర్చోవడం మంచిది. దక్షిణం వైపు మైదానంలో ఆయన నిలువెత్తు కంచు విగ్రహం ఉంది.

రెండవ చోటుకు మన పర్యాటకులు దాదాపు ఎవరూ వెళ్ళరు. ఊరికి దక్షిణాన ఒక మెరక నేల మీద షింగ్‌జియావో అనే ఆలయం ఉంది. 664లో మరణించిన హ్యూయన్‌త్సాంగ్ అస్థికలను 669లో అక్కడికి మార్చి, వాటి మీద ఐదంతస్తుల ఇటుక స్తూపం కట్టారు. దానికి ఇరువైపులా ఆయన శిష్యులు ఇద్దరి చిన్న స్తూపాలు ఉన్నాయి. వారిలో ఒకరు కొరియా నుంచి వచ్చినవారు. పట్టు దారికి సంబంధించిన ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో 2014లో ఈ రెండు చోట్లూ చేరాయి. ధాన్యకటకంలో చదువుకున్న మనిషి చివరికి విశ్రమించిన చోటు అది. తరగతిలో ఆ పాఠం చెప్పిన మీకు మిగతా షియాన్ అంతా ఒక ఎత్తు, అది ఒక్కటీ ఒక ఎత్తు అవుతుంది. కారు మాట్లాడుకుని, తిరుగు ప్రయాణానికి కూడా అక్కడే ఉంచుకోండి.

సమయం మిగిలితే కోట గోడకు దగ్గరలోని శిలాశాసనాల మ్యూజియం చూడండి. చైనాలో క్రైస్తవం గురించి 781లో చెక్కిన శాసనం అక్కడే ఉంది. చరిత్ర మాస్టారికి అక్కడ ఒక పూట చాలదు.

షాంఘై నివాసి:

ఉద్యోగరీత్యా ఇక్కడ ఉంటున్నాను కాబట్టి రోజువారీ ఇబ్బందుల గురించి మాత్రమే రాస్తాను.

ఇక్కడ కూరగాయల బండి దగ్గర కూడా క్యూఆర్ కోడ్‌తోనే చెల్లిస్తారు. ఇండియాలో బయలుదేరే ముందే అలీపే, వీచాట్ అనే చెల్లింపు యాప్‌లు రెండింటినీ ఇద్దరి ఫోన్లలోనూ వేసుకుని, పాస్‌పోర్టుతో గుర్తింపు పూర్తిచేసి, అంతర్జాతీయంగా చెల్లే వీసా లేదా మాస్టర్‌కార్డు కార్డును జతచేయండి. రెండు వందల యువాన్ల లోపు చెల్లింపులకు అదనపు రుసుము ఉండదు, అంతకు మించితే మూడు శాతం పడుతుంది. ఒక ఫోన్ మొరాయిస్తే రెండవది ఆదుకుంటుంది. అయినా చిన్న నోట్లు కొన్ని జేబులో ఉంచుకోండి.

గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ ఇక్కడి నెట్‌వర్కులో పనిచేయవు. భారతీయ సిమ్ మీద అంతర్జాతీయ రోమింగ్ తీసుకుంటే మాత్రం పనిచేస్తాయి. హోటల్ వైఫై మీద పిల్లలకు వాట్సాప్ కాల్ కలవకపోతే కంగారు పడకండి. దారి చూసుకోవడానికి ఏమ్యాప్ అనే ఇక్కడి మ్యాప్ యాప్ వాడండి, దానికి ఆంగ్ల రూపం కూడా ఉంది. హోటల్ పేరు, చిరునామా చైనా లిపిలో ఒక కార్డు మీద అడిగి తీసుకుని దగ్గర ఉంచుకుంటే టాక్సీలో మాటలతో పని ఉండదు.

రైలు టికెట్టంటే మీ పాస్‌పోర్టే. స్టేషన్లు మన విమానాశ్రయాలంత పెద్దవి, సామాను తనిఖీ ఉంటుంది, రైలు కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేటు మూసేస్తారు. కాబట్టి గంట ముందు చేరుకోండి. రెండవ తరగతిలో వరుసకు ఐదు సీట్లు, మొదటి తరగతిలో నాలుగు. మోకాళ్ళు చాపుకోవడానికి ఆ తేడా డబ్బు పెట్టదగినదే. షియాన్ నుంచి షాంఘైకి రైలులో ఆరేడు గంటలు పడుతుంది, విమానమైతే రెండున్నర గంటల లోపే.

సుజౌలో బస చేయనవసరం లేదు. షాంఘై నుంచి అరగంట రైలు, ఉదయం వెళ్ళి తోటలు చూసి సాయంత్రానికి రావచ్చు. అయితే ఒక్కటే ఎంచుకోమంటే హాంగ్‌జౌకే నా ఓటు. పశ్చిమ సరస్సు మీద పడవ, గట్టు వెంట బ్యాటరీ బండ్లు ఉన్నాయి. అక్కడి లింగ్‌యిన్ ఆలయం ఎదుట ఉన్న కొండను చూసి, ఇది మా దేశంలో బుద్ధుడు బోధించిన గృధ్రకూట పర్వతమే, ఇక్కడికి ఎగిరి వచ్చిందని నాలుగో శతాబ్దంలో ఒక భారతీయ భిక్షువు అన్నాడని కథ. ఆ కొండ రాళ్ళ నిండా బుద్ధ విగ్రహాలు చెక్కి ఉన్నాయి.

ముఖ్యమైనది మరొకటి: అక్టోబరు మొదటి వారం జాతీయ సెలవులు. దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. సెప్టెంబరు రెండవ సగం గానీ, అక్టోబరు రెండవ సగం గానీ పెట్టుకోండి.

న్యూజెర్సీ కోడలు:

మా అత్తయ్యగారినీ మావయ్యగారినీ తీసుకుని వెళ్ళి వచ్చాను. ముందుగా వీసా సంగతి చెప్పాలి. 240 గంటలు వీసా లేకుండా ఉండవచ్చని వీడియోలలో చెబుతున్నది నిజమే కానీ, ఆ జాబితాలో అమెరికా ఉంది, భారత్ లేదు. నాకు అది పనికి వచ్చింది కానీ భారత పాస్‌పోర్టు ఉన్న అత్తయ్యగారు వాళ్ళకు వీసా తీసుకోవలసి వచ్చింది. భారతీయులకు పర్యాటక వీసాలు 2025 జూలై నుంచి మళ్ళీ ఇస్తున్నారు. మీవి కూడా భారత పాస్‌పోర్టులే కాబట్టి ముందుగా దరఖాస్తు చేసుకోండి.

భోజనం విషయంలో "మాంసం వద్దు" అని మాత్రమే చెబితే సరిపోదు. ఆకుకూరలో కూడా కోడి రసమో, ఆల్చిప్పల సాసో, పంది కొవ్వో ఉండవచ్చు. మాంసం, చేప, గుడ్డు, జంతువుల కొవ్వు, ఎముకల రసం, ఆల్చిప్పల సాసు ఏవీ వద్దని చైనా లిపిలో రాయించిన చీటీ పట్టుకెళ్ళి వంటవాడికే చూపించండి. బంగాళాదుంప, వంకాయ, క్యాప్సికం కలిపి వేయించే "దీ సాన్ షియెన్" దాదాపు ప్రతి చిన్న హోటల్‌లోనూ చేస్తారు, అత్తయ్యగారికి అది తెగ నచ్చింది. బౌద్ధాలయాల దగ్గరి భోజనశాలలు అన్నిటికంటే క్షేమం, అక్కడ ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. తోఫు అంటే శాకాహారమే కదా అనుకుని మాపో తోఫు చెప్పకండి, అందులో కీమా వేస్తారు.

రైలు పెట్టెల్లో, స్టేషన్లలో మరిగే నీళ్ళు ఉచితంగా దొరుకుతాయి. కాబట్టి ఇన్‌స్టంట్ ఉప్మా, అటుకుల పొట్లాలు పట్టుకెళ్ళండి. కొట్లలో పెరుగు చాలావరకు తియ్యగా ఉంటుంది, చక్కెర లేనిది అడిగి తీసుకుంటే అన్నంలో కలుపుకోవచ్చు. పండ్లు, మాంసం, పాల పదార్థాలు దేశంలోకి తీసుకురానివ్వరు, నెయ్యి సీసా ఇంట్లోనే వదిలివేయండి. మందులకు డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోవాలి. బయటి మరుగుదొడ్లలో నీళ్ళూ కాగితమూ ఉంటాయని నమ్మలేము, పైగా చాలాచోట్ల కింద కూర్చునేవే. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు హోటల్, మాల్, మ్యూజియం కనిపించినప్పుడే ఆ పని చూసుకోవడం మేలు.

ఒక్క విషయంలో ఓరుగల్లు బాటసారి గారితో విభేదిస్తున్నాను. గ్వీలిన్ దూరమే, కాదనను. కానీ అక్కడ లీ నదిలో యాంగ్‌షువో దాకా నాలుగు గంటలకు పైగా పడవలో కూర్చునే వెళ్ళవచ్చు. ఇరవై యువాన్ల నోటు మీద ముద్రించిన కొండలు అవే. నడవలేని వారికి చైనాలో అంతకన్నా తేలికైన రోజు మరొకటి లేదు.

తెనాలి మాస్టారు:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఇంట్లో చర్చించుకుని బీజింగ్, లోయాంగ్, షియాన్, షాంఘై ఉంచుకున్నాము. హాంగ్‌జౌ, సుజౌలలో ఏదో ఒకటి అక్కడి నుంచే వెళ్ళి వస్తాము. గ్వీలిన్ పడవ సంగతి విని మా ఆవిడ కాసేపు ఊగిసలాడారు కానీ, అందుకోసం మరో విమానం ఎక్కడం ఇష్టం లేక మానుకున్నారు. ఇక ఒక్క సందేహం: స్టేషన్లలో చక్రాల కుర్చీ అడిగితే ఇస్తారా?

షాంఘై నివాసి:

ఇస్తారు మాస్టారూ. పెద్ద స్టేషన్లలో వృద్ధులకు, నడవలేనివారికి ప్రత్యేక సహాయ కేంద్రం ఉంటుంది. రైలు సమయానికి బాగా ముందే వెళ్ళి పాస్‌పోర్టు చూపించి అడిగితే, ఒక మనిషి కుర్చీలో కూర్చోబెట్టి లిఫ్టు గుండా ప్లాట్‌ఫారం మీదకు దింపుతాడు. ఆ మాట చైనా భాషలో కావాలంటే రాసి పంపుతాను, ఫోన్‌లో దాచుకుని చూపించండి.