ఎనిమిదెకరాల బీడును నాలుగు ముక్కలు చేసి తిప్పి మేపినా గడ్డి నిలవలేదు, ఎక్కడ తప్పాను?

సీమగొర్రెలు:
అన్నలారా, మాది కళ్యాణదుర్గం పక్క పల్లె. 62 గొర్రెలు, రెండు పొట్టేళ్లు. శెనక్కాయ వేసి వేసి నష్టపోయి ఎనిమిదెకరాలు బీడు పెట్టేసినాం, చుట్టూ కంచె ఉంది. పోయిన జులైలో వీడియోలు చూసి దాన్ని నాలుగు ముక్కలు చేసి, ముక్కకు వారం లెక్కన తిప్పినాను. మొదటి చుట్టు బ్రహ్మాండం. ఆగస్టులో పదైదు రోజులు వాన లేదు, మళ్లీ మొదటి ముక్కకు వచ్చేసరికి గడ్డి నేలకు కరుచుకొని ఉంది, ఏపుగా ఉండేదంతా వయ్యారిభామ కలుపే. సెప్టెంబర్లో ఏడు పిల్లలు చిక్కిపోయి దవడ కింద నీరు దిగింది, రెండు చచ్చిపోయినాయి. మా నాయనేమో "గొర్రెను జైల్లో పెడితే ఏం మేస్తుంది రా" అంటాడు రోజూ. మానేయాలా, ఏమన్నా మార్చాలా?

డొంకదారి (వేంపల్లె):
తమ్ముడూ, తిప్పడం తప్పు కాదు, కేలండర్ చూసి తిప్పడం తప్పు. వాన పడితే నెలకు లేచే గడ్డి, పడకపోతే రెండు నెలలైనా లేవదు. నువ్వు ఇచ్చింది 21 రోజులు, అది కూడా ఎండలో. నేను చేతి కొలతే చూస్తా: జానెడు పెరిగినాక మందను వదులుతా, నాలుగు వేళ్లు మిగిలినప్పుడు తోలేస్తా. ఆ మిగిలిన ఆకుతోనే గడ్డి మళ్లీ లేస్తుంది, నున్నగా గొరిగిస్తే వేరు కూడా చస్తుంది. మొదట్లో అంత గడ్డి వదిలేసి రావాలంటే నాకూ ప్రాణం ఒప్పేది కాదు. ఇంక వయ్యారిభామ, నేల బోడిగా కనపడితేనే వస్తుంది, పూత రాకముందే పీకించు.

ఇంకో లెక్క చూడు. గొర్రెకు రోజుకు నాలుగైదు కిలోల పచ్చిగడ్డి అంటే నీ మందకు దగ్గర దగ్గర 300 కిలోలు. అనంతపురం వానకు (ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ పడితే) ఎనిమిదెకరాల బీడు ఏడాదంతా ఈ మందను సాకలేదు, ఎట్ల తిప్పినా సరే. పొద్దున గుట్టకు తోలి, సాయంత్రం నాలుగు గంటలు మాత్రమే ముక్కలోకి వదులు.

రిటైర్డ్ పశువైద్యుడు:
దవడ కింద నీరు అన్నారు కదా, అది ఎక్కువగా నట్టల (కడుపులో పురుగుల) పనే. పేడలో పడిన గుడ్లు వానాకాలం తేమకు వారం లోపే పిల్ల పురుగులై గడ్డి మొదళ్లకు ఎక్కుతాయి. మీరు ఒకే ముక్కలో ఏడు రోజులు ఉంచారు కాబట్టి గొర్రెలు తమ పేడలోని పురుగుల్నే మళ్లీ తిన్నాయి. వానల్లో నాలుగు రోజులకు మించి ఉంచకండి. పురుగులు ఎక్కువగా మొదళ్ల దగ్గరే ఉంటాయి, పైన చెప్పిన నాలుగు వేళ్ల లెక్క ఇక్కడా పనికొస్తుంది. కింది కనురెప్ప తిప్పి చూడండి, ఎర్రగా ఉంటే పర్లేదు, పాలిపోయి ఉంటే నట్టల మందు తాగించాలి. చూడి గొర్రెలకు ఏ మందన్నది డాక్టర్ని అడక్కుండా మాత్రం వద్దు. వానలకు ముందే చిటుకు రోగం (గొర్రెలు ఉన్నట్టుండి చచ్చే రోగం) టీకా వేయించండి, లేత గడ్డి మీద పడి తినే రోజుల్లోనే అది వస్తుంది.

పాత మందగాడు (రాయదుర్గం):
మీ నాయన మాటలో సగం నిజముంది. మేము నలభై ఏళ్లు కంచె లేకుండానే తిప్పినాం, ఈ రోజు గుట్ట, రేపు వంక, నవంబర్లో శెనక్కాయ పీకిన చేన్లు. రాత్రి చేన్లో మంద కడితే పేడ ఎరువు పడుతుందని రైతు ఎదురు డబ్బులిచ్చేవాడు. నువ్వు ఒకటి చెయ్, ఆగస్టు నుంచి ఒక ముక్కలో కాలు పెట్టనీయొద్దు. నిలబడి ఎండిన గడ్డి ఫిబ్రవరిలో బంగారం, ఆ తర్వాత తుమ్మకాయలు ఎటూ ఉన్నాయి. ఎవరన్నా జొన్న చల్లుకోమంటే మాత్రం జాగ్రత్త, వాన లేక గిడసబారిన జొన్న మేస్తే నాము (జొన్నలో పుట్టే విషం) తగిలి నిమిషాల్లో పడిపోతాయి. నా కళ్ల ముందే పదకొండు పోయినాయి, ఎవరి చేనో చెప్పను.

సీమగొర్రెలు:
అందరికీ థాంక్స్. నాలుగు ముక్కల్ని ఎనిమిది చేస్తా, ఒకటి ఆగస్టు నుంచి మూసేస్తా. అన్ని కంచెలకు డబ్బులెక్కడివి అన్నదే టెన్షన్. నీళ్ల తొట్టి కూడా బోరు దగ్గర ఒకటే, అన్ని ముక్కల నుంచీ అక్కడికే తోలుతున్నా, ఆ దారంతా దుమ్ము.

డొంకదారి (వేంపల్లె):
కంచె ఎందుకు, రాత్రి మంద కట్టే నైలాన్ వలే చాలు. నాలుగు రోజులకోసారి పీకి పక్కకు నాటితే గంట పని. మేకలుంటే దూకుతాయి, గొర్రెలు దూకవు. నీళ్లకు 200 లీటర్ల డ్రమ్మును నిలువుగా రెండుగా కోయించు, పైపు ఎంత దూరం పోతే అంత దూరం మందతో పాటే లాక్కుపో. కోసిన అంచుకు పాత సైకిల్ ట్యూబ్ తొడుగు, లేకపోతే గొంతులు గీసుకుంటాయి.