ఫెంగ్‌షుయ్ కోసం వంటగట్టు పగలగొట్టి పొయ్యి చోటు మార్చాలా?

ప్రశ్న

మా వంటగదిలో గ్యాస్ పొయ్యి, సింకు ఒకే గట్టు మీద పక్కపక్కనే ఉన్నాయి. వంట చేసేవారి వీపు గుమ్మం వైపు ఉంటుంది. ఈ రెండూ దోషాలేననీ, గట్టు పగలగొట్టి పొయ్యిని మార్చక తప్పదనీ ఫెంగ్‌షుయ్ తెలిసిన ఒకరు చెప్పారు. అంత అవసరం నిజంగా ఉందా?

మార్చాలి

తప్పకుండా ఉంది. ఈ చైనా శాస్త్రంలో నీరు, కొయ్య, నిప్పు, మట్టి, లోహం అనే అయిదు తత్త్వాలున్నాయి. వాటిలో నీరు నిప్పును అణచివేస్తుంది కాబట్టి సింకు పొయ్యికి ఆనుకొని ఉండకూడదు. పొయ్యిని ఇంటి ఆరోగ్యానికీ సంపదకూ మూలంగా భావిస్తారు కనుక ఈ విషయంలో రాజీ పడటం మంచిది కాదు.

అవసరం లేదు

పొయ్యి ఎటు తిరిగి ఉందన్న దాన్ని బట్టి ఎవరి సంపదా పెరగదు, తరగదు. గట్టు జోలికి వెళ్లకండి.

నా అభిప్రాయం

గట్టు పగలగొట్టవద్దనే నేనూ అంటాను, కానీ ఆ సలహాలన్నింటినీ ఒకే గాటన కట్టి కొట్టిపారేయడం సరికాదు. కాగిన నూనెలో నీటిచుక్కలు పడితే అవి క్షణంలో ఆవిరై నూనెను పైకి చిమ్ముతాయి కాబట్టి, పొయ్యికీ సింకుకూ మధ్య ఎడం ఉండాలన్న మాట తత్త్వాలను నమ్మనివారికి కూడా పనికివస్తుంది. పొయ్యిని కిటికీ కింద పెట్టవద్దన్నదీ అలాంటిదే: గాలికి మంట ఆరిపోతే, ఆరిన సంగతి పసిగట్టి గ్యాస్‌ను ఆపే ఏర్పాటు లేని పొయ్యిలో, మండని గ్యాస్ గదిలోకి వస్తూనే ఉంటుంది.

పైగా ఆ శాస్త్రమే గట్టు పగలగొట్టనక్కరలేని దారి చూపిస్తోంది. నీరు కొయ్యను పోషిస్తుంది, కొయ్య నిప్పును పోషిస్తుంది కనుక ఆ రెండింటి నడుమ కొయ్య ఉంటే విరోధం తగ్గుతుందని అంటారు. కాబట్టి మధ్యనున్న జాగాలో కూరగాయలు తరిగే మందపాటి చెక్కను ఉంచుకోవచ్చు. జాగా బొత్తిగా లేకపోతే సింకు అంచున నీళ్లు చిమ్మకుండా చిన్న అడ్డు పెట్టించుకోవచ్చు.

గుమ్మానికి వీపు పెట్టి నిలబడితే వెనుక నుంచి ఎవరు వచ్చినా తెలియదు. చేతిలో వేడి గిన్నె ఉన్నప్పుడు ఉలిక్కిపడటం ప్రమాదమే. దీనికి పొయ్యి వెనుక అద్దం పెట్టమంటారు. అయితే మామూలు అద్దం మంట వేడికి పగలవచ్చు, దాని మీద నూనె జిడ్డు పేరుకుంటే ఏమీ కనిపించదు. నునుపైన స్టీలు రేకు అయితే గుమ్మంలోని కదలిక తెలుస్తుంది, తుడవడమూ తేలిక.

నాకు బలమైన అభ్యంతరం ఉన్నది దిక్కుల లెక్క మీద. పుట్టిన సంవత్సరాన్ని బట్టి నాలుగు మంచి దిక్కులు, నాలుగు చెడు దిక్కులు తేల్చి, ‘పొయ్యి నోరు’ మంచి దిక్కుకే ఉండాలంటారు. ఇటుకలతో కట్టిన పాత పొయ్యికి కట్టెలు పెట్టే నోరు స్పష్టంగా ఉండేది. గ్యాస్ పొయ్యికి నోరు ఏది? మీటలున్న వైపని కొందరు, గొట్టం చేరే వైపని మరికొందరు అంటారు. మీటలు ముందు, గొట్టం వెనుక ఉన్న పొయ్యి ఒకరి లెక్కలో తూర్పుకు, మరొకరి లెక్కలో పడమరకు చూస్తుంది. చెప్పేవారికే ఏకాభిప్రాయం లేని నియమం కోసం గట్టు పగలగొట్టమనడం అన్యాయం.

మార్చాలన్నవారి జవాబు

నోటి విషయంలో భిన్నాభిప్రాయాలున్న మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ గుమ్మం కనిపించేలా నిలబడటానికి రేకు సరిసాటి కాదు.

నా జవాబు

ఇల్లు ఇంకా కడుతున్నవారి విషయంలో మీ మాటే సరైనది. గట్టు వేయకముందే ఆ ఏర్పాటు చేసుకోవాలి. కట్టేసిన గదిలో మార్చక తప్పదనుకుంటే సింకును కదపకుండా పొయ్యినే జరపండి, ఎందుకంటే మురుగు గొట్టానికి వాలు కుదరాలంటే నేల కూడా తవ్వవలసి రావచ్చు.