సోలార్ ప్యానెల్ పెట్టినా ట్రెయిల్ కెమెరా చార్జింగ్ దిగిపోతోంది

శ్రీకాంత్ (ఆస్టిన్): అన్నలూ, టెక్సాస్‌లో లానో దగ్గర వేటకని లీజుకి తీసుకున్న స్థలంలో, జింకల ఫీడర్‌కి (బ్యాటరీతో మేత చల్లే డబ్బా) ఎదురుగా సెల్యులార్ ట్రెయిల్ కెమెరా కట్టాను. జంతువు కదిలితే ఫొటో తీసి ఫోన్ నెట్‌వర్క్ మీద పంపుతుంది. 12 లిథియం ఏఏ బ్యాటరీలు నెల తిరక్కుండానే అయిపోతున్నాయి. ఈ ఖర్చు భరించలేక 2 వాట్ల సోలార్ ప్యానెల్ కొని, కెమెరాకి కాస్త పైన అదే లైవ్ ఓక్ చెట్టు మొద్దుకి బిగించాను. అయినా యాప్‌లో చార్జింగ్ రోజురోజుకీ దిగుతోంది. నవంబర్ మొదటి శనివారం గన్ సీజన్ (తుపాకీతో జింకల వేట) మొదలు. 10 వాట్లది కొనేయమంటారా?

రమణ (శాన్ ఆంటోనియో): ఆగు తమ్ముడూ. కెమెరా ఏ దిక్కుకి చూస్తోంది?

శ్రీకాంత్: ఉత్తరానికి. ఎండ లెన్స్‌లో పడకూడదని.

రమణ: కెమెరాకి అదే సరైన దిక్కు. కానీ ప్యానెల్‌ని కూడా అటే తిప్పి కూర్చోబెట్టావు కదా! చలికాలంలో సూర్యుడు దక్షిణాన బాగా కిందుగా పోతాడు. పైగా లైవ్ ఓక్ చలికాలమంతా ఆకులతోనే ఉంటుంది, చుట్టూ ఉన్న సీడర్ చెట్లూ అంతే. చిన్న ప్యానెల్‌లో సెల్స్ అన్నీ వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద కొమ్మ నీడ పడినా మొత్తం కరెంటు పడిపోతుంది. అక్కడ 10 వాట్లది పెట్టినా డబ్బులు దండగే.

లెక్క చూడు. లిథియం ఏఏ ఒక్కోదానిలో సుమారు 4.5 వాట్-అవర్లు ఉంటాయి, 12కి 54. నెలలో అయిపోతున్నాయంటే కెమెరా రోజుకి రెండు వాట్-అవర్ల దాకా తింటోంది. 5 వాట్ల ప్యానెల్‌కి చలికాలంలో మూడు గంటల నిండు ఎండ తగిలితే 15 వస్తాయి. నష్టాల కింద సగం తీసేసినా ఏడుకి తగ్గదు. ఎండలో ఉంటే నీ 2 వాట్లదే బొటాబొటిగా లాక్కొచ్చేది.

చెట్టు నీడ దాటి ఒక టీ-పోస్ట్ (కంచెకి వాడే ఇనుప స్తంభం) పాతి ప్యానెల్ దానికి బిగించు. ముఖం దక్షిణానికి, వాలు నేల నుంచి 45 డిగ్రీలు. అక్కడి అక్షాంశం దాదాపు 31, చలికాలం కోసం ఇంకో 15 కలిపాను. వైరు పదిహేను అడుగులున్నా ఇంత తక్కువ కరెంటుకి పోయేదేమీ లేదు. గొట్టంలో పెట్టి పూడ్చు, లేదంటే ఎలుకలు కొరుకుతాయి.

సునీత (డాలస్): ఇంకోటి శ్రీకాంత్ గారూ, ఫీడర్ బ్యాటరీ నుంచే కెమెరాకి లైన్ లాగుదామని అనిపిస్తుంది. ఫీడర్లు చాలావరకు 6 వోల్టులవి, కెమెరాలు ఎక్కువగా 12 అడుగుతాయి. మాన్యువల్‌లో వోల్టేజీ, పిన్ ప్లస్-మైనస్ చూడకుండా గుచ్చకండి. 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ పెట్టి, ప్యానెల్‌కీ దానికీ మధ్యలో చార్జ్ కంట్రోలర్ (బ్యాటరీ మితిమీరి చార్జ్ కాకుండా చూసేది) తగిలిస్తే సగం వాడుకున్నా 42 వాట్-అవర్లు. వారం రోజులు మబ్బు పట్టినా దిగులుండదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తేలికే కానీ గడ్డకట్టే చలిలో దాన్ని చార్జ్ చేయకూడదు.

అసలు అక్కడ సిగ్నల్ ఎలా ఉంది? ఒక్క గీతే ఉంటే ప్రతి ఫొటోకీ మోడెమ్ టవర్ కోసం వెతుక్కుంటుంది, కరెంటు ఎక్కువగా పోయేది అక్కడే. వీడియోలు ఆపేసి, ఫొటోలు రోజుకి రెండుసార్లే పంపేలా మార్చండి. లెన్స్ ముందు గడ్డి కోసేయండి, గాలికి ఊగినప్పుడల్లా క్లిక్కుమంటుంది.

కిరణ్ (ఫీనిక్స్): టెక్సాస్‌లో మీ పని హాయి. మా అరిజోనాలో 2022 జనవరి నుంచి వేటకి ట్రెయిల్ కెమెరా వాడటమే నిషేధం. వేరే రాష్ట్రానికి వేటకి వెళ్తే ముందు అక్కడి రూల్స్ చూసుకోండి.

మల్లికార్జున (మదనపల్లె): రమణ గారూ, మా వేరుశనగ చేలో అడవి పందుల బెడద. మా బావమరిది అమెరికా నుంచి ఇలాంటి కెమెరా తెస్తానంటున్నాడు. పని చేస్తుందా?

రమణ: తేవద్దనండి. ఇక్కడి సెల్యులార్ కెమెరాలు సాధారణంగా అమెరికా కంపెనీల సిమ్‌లకీ, 2, 4, 12, 13 బ్యాండ్లకీ (ఫోన్ సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీలు) తయారైనవి. అక్కడ మీ జియో, ఎయిర్‌టెల్ నడిచేది 3, 5, 40 లాంటి బ్యాండ్ల మీద. ఇండియాలోనే దొరికే, సిమ్ వేసుకునే 4జీ సోలార్ సీసీ కెమెరా కొనండి. కరెంటు కాస్త ఎక్కువ తింటుంది కానీ మీది చెట్లు లేని చేను, ప్యానెల్‌కి ఎండ కరువు లేదు. పందులొస్తే చప్పుడు చేసి తోలుకోవడం వరకే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సొంతంగా వేటాడితే కేసవుతుంది, కంచెకి కరెంటు పెడితే మనుషుల ప్రాణాలే పోతాయి. కొనేముందు ఒక రాత్రి చేలో అదే సిమ్ ఉన్న ఫోన్‌తో వీడియో కాల్ చేసి చూడండి.