చిన్న సీఎన్‌సీ రౌటర్‌కి పాత డెస్క్‌టాపా, ల్యాప్‌టాపా?

ప్రశ్న (విశాఖ, మద్దిలపాలెం): 3 యాక్సిస్ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు మిషను), నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు, 5 మి.మీ. పిచ్ (చుట్టుకు 5 మి.మీ. జరిపే) బాల్‌స్క్రూలు. ప్యారలల్ పోర్టు (పాత ప్రింటర్ పోర్టు) ఉన్న పాత డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్ ఉన్నాయి. దేంతో నడపమంటారు? యూఎస్‌బీ–ప్యారలల్ కన్వర్టర్ పనికొస్తుందా అండీ?

గాజువాక నుంచి: కన్వర్టర్ కొనకండి. అది ప్రింటర్ కోసం చేసింది, మోటారుని ఒక్కో అడుగు తిప్పే స్టెప్ పల్సుల టైమింగ్ దాంతో కుదరదు. డెస్క్‌టాప్‌లో లైనక్స్‌సీఎన్‌సీ (మిషను నడిపే సాఫ్ట్‌వేర్) వేసి ముందు లేటెన్సీ టెస్ట్ పెట్టండి, కంప్యూటర్ టైముకి స్పందిస్తుందో లేదో తెలుస్తుంది. వీడియో ఆడిస్తూ, ఫైళ్లు కాపీ చేస్తూ పావుగంట వదిలేయండి. మ్యాక్స్ జిట్టర్ (టైమింగ్‌లో గరిష్ఠ తేడా) 20,000 నానోసెకన్ల లోపుంటే బ్రహ్మాండం. లక్ష దాటితే బయోస్‌లో సీ-స్టేట్స్ (ప్రాసెసర్ కరెంటు పొదుపు), హైపర్‌థ్రెడింగ్ (ఒక కోర్ రెండుగా పనిచేయడం) ఆపి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ డెస్క్‌టాప్ వద్దు.

ఎంవీపీ కాలనీ నుంచి: ల్యాప్‌టాపే అయితే ఆర్డ్వినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డులో జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్ వేయండి, పల్సులు ఆ బోర్డే ఇస్తుంది. సెకనుకు దాదాపు 30,000 స్టెప్పులిస్తుంది. చుట్టుకు 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పుకి 8 మైక్రోస్టెప్పులు, 5 మి.మీ. పిచ్: మి.మీ.కి 320 స్టెప్పులు. అంటే నిమిషానికి 5,600 మి.మీ. దాకా, మీకు చాలు. స్పిండిల్ (కోసే బిట్‌ని తిప్పే మోటారు) ఆన్ చేయగానే యూఎస్‌బీ కనెక్షన్ తెగిపోతే అది ఎలక్ట్రికల్ నాయిస్. స్పిండిల్‌కి షీల్డ్ వైరు వాడండి, యూఎస్‌బీ వైరు పొట్టిగా, స్పిండిల్ వైరుకి దూరంగా ఉంచండి. ల్యాప్‌టాప్ స్లీప్ మోడ్ ఆపడం మరవొద్దు.

గాజువాక నుంచి: ఇంకోటి. మన సముద్రపు గాలికి పోర్టు పిన్నులకి ఆకుపచ్చ చిలుము పడుతుంది. అప్పుడు ఒక్క యాక్సిసే స్టెప్పులు వదిలేస్తుంది, అందరూ సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. ముందు కనెక్టర్ ఊడదీసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చూడండి.