అమ్మానాన్నలతో ఒక రాత్రి టెంట్‌లో: ఎల్‌బీజే గ్రాస్‌ల్యాండ్‌కి వెళ్లొచ్చా?

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి):
అందరికీ నమస్కారం. మేం టెక్సస్‌లో ఉంటాం. అమ్మానాన్న గుంటూరు దగ్గర మా ఊరి నుంచి వచ్చి రెండు నెలలైంది. గుళ్లు, మాల్స్ అన్నీ చూసేశారు. నాన్నగారు జీవితమంతా పొలంలో తిరిగిన మనిషి, ఇక్కడ ఇంట్లో పొద్దు గడవడం లేదు. అక్టోబరు చివర్లో ఒక రాత్రి టెంట్ వేసుకుని ఉందామనుకుంటే స్టేట్ పార్కుల్లో శనివారాలు దొరకడం లేదు. మ్యాప్‌లో డెకేటర్ ఊరి పైన ఎల్‌బీజే (మాజీ అధ్యక్షుడు లిండన్ బి. జాన్సన్ పేరు) నేషనల్ గ్రాస్‌ల్యాండ్, అంటే ప్రభుత్వ గడ్డిభూమి, అని కనిపించింది. అక్కడ ఎవరైనా ఉండొచ్చా? నాన్నగారికి 66, సీనియర్ పాస్ (పెద్దవాళ్లకి ప్రభుత్వ పార్కుల్లోకి ఇచ్చే పాస్) ఇస్తారా? ఆయన గాలం వేస్తానంటున్నారు, దానికి పర్మిషన్ కావాలా? అమ్మకి మోకాళ్ల నొప్పులు.

జవాబు (డెంటన్ నుంచి):
తప్పకుండా తీసుకెళ్లండి. మా అత్తగారు, మామగారు వచ్చినప్పుడు మేమూ వెళ్లాం. నేషనల్ పార్కు వేరు, ఇది వేరు. ఇది వ్యవసాయ శాఖ కిందుండే ఫారెస్ట్ సర్వీస్ భూమి, 20,000 ఎకరాల పైమాటే. పశువులు మేస్తుంటాయి, గుర్రాల మీద తిరిగేవాళ్లుంటారు, వేటగాళ్లుంటారు, మనమూ ఉండొచ్చు. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. కొన్ని చోట్ల మాత్రం చిన్న ఫీజు ఉంటుంది, డబ్బు కవర్లో పెట్టి అక్కడున్న డబ్బాలో వేయాలి. చిల్లర దగ్గర పెట్టుకోండి.

సీనియర్ పాస్ 62 నిండిన అమెరికా సిటిజన్లకి, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకి రాదు. అయినా ఇక్కడికి దాని అవసరం పడదు. గాలానికి మాత్రం టెక్సస్ ఫిషింగ్ లైసెన్స్ కావాలి, 17 ఏళ్లు నిండిన వాళ్లందరికీ. స్టేట్ పార్కు ఒడ్డున లైసెన్స్ లేకుండా పట్టొచ్చు, ఆ వెసులుబాటు ఇక్కడ లేదు. బయటి వాళ్లకి ఒక్కరోజు లైసెన్స్ కూడా ఇస్తారు, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి.

అమ్మగారి మోకాళ్లకి బ్లాక్ క్రీక్ లేక్ అయితే బాగుంటుంది. చెరువు ఒడ్డునే మడత కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు. అక్కడి నుంచి కాటన్‌వుడ్ లేక్ దాకా సుమారు 4 మైళ్ల ట్రెయిల్ ఉంది, అది మీకూ నాన్నగారికీ. టాడ్రా పాయింట్ ఎక్కువగా గుర్రాల వాళ్ల క్యాంపు, పెద్ద పెద్ద ట్రెయిలర్లు వస్తాయి.

నాన్నగారికి ఆ భూమి కథ చెప్పండి, ఆయనకి మనకంటే బాగా అర్థమవుతుంది. ఇవి ఒకప్పుడు పంట పొలాలే. దున్నీ దున్నీ మట్టి కొట్టుకుపోయి, 1930ల కరువులో రైతులు వదిలేసిన నేలలు. ప్రభుత్వం కొని మళ్లీ గడ్డి పెంచింది. 1954లో ఫారెస్ట్ సర్వీస్ చేతికొచ్చాయి, 1960లో నేషనల్ గ్రాస్‌ల్యాండ్స్ అని పేరు పెట్టారు. దేశం మొత్తం మీద ఇలాంటివి 20 ఉన్నాయి. మీరు వెళ్లే రోజులకి లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి ఇటుక రంగుకి తిరిగి ఉంటుంది. మా మామగారు ఒక దుబ్బు దగ్గర గొంతుక్కూర్చుని, దాని మొదలు దగ్గర వేలు పెట్టి మట్టి కదిపి చూశారు. కదల్లేదు. "వేరు బాగా పట్టింది" అని చాలాసేపు అక్కడే ఉండిపోయారు.

ఒక్క జాగ్రత్త. ఇదంతా ఒకే ముక్కగా లేదు, మధ్యమధ్యలో ప్రైవేటు భూములున్నాయి. మొదటిసారి ఫోన్ సిగ్నల్ పోయి నేను వేరేవాళ్ల పొలంలోకి వెళ్లిపోయాను. ఆ పొలం యజమాని మర్యాదగానే దారి చూపించాడు గానీ, పిల్లలతో ఉన్నాను కదా, చాలా టెన్షన్ పడ్డాను. అందుకే ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇచ్చే మ్యాప్ ముందే ఫోన్‌లోకి దింపుకోండి, కాగితం మీద కూడా ఒకటి ఉంచుకోండి. ఏ గేటైనా మీరు వచ్చేసరికి మూసి ఉంటే దాటాక మళ్లీ మూయండి. తెరిచి వదిలేస్తే పశువులు రోడ్డెక్కుతాయి.

జవాబు (ఫోర్ట్‌వర్త్ నుంచి):
నీళ్ల సంగతి నేను చెప్తాను. అక్కడ కుళాయి ఉంటుందని అనుకోవద్దు. తాగడానికే మనిషికి రోజుకి 4 లీటర్లు లెక్కేసుకోండి, వంటకి విడిగా. అక్టోబరు నుంచి వేట సీజన్ కాబట్టి అందరికీ తలా ఒక ఆరెంజ్ జాకెట్ కొనండి. టెంట్ ఎక్కడ వేయొచ్చో కూడా ఆ రోజుల్లో డెకేటర్ రేంజర్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. అమ్మగారు చీరతో గడ్డిలో నడిస్తే పేలలాంటి టిక్స్ ఎక్కుతాయి. ప్యాంటు వేసుకుని, దాన్ని సాక్సులోకి దోపుకుంటే మంచిది. రాత్రికి చెవుల వెనక, మోకాళ్ల వెనక చూడండి. మూడేసి ఆకులున్న తీగ కనిపిస్తే ముట్టుకోనివ్వకండి, అది పాయిజన్ ఐవీ కావచ్చు, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి.

ప్రశ్న (ఫ్రిస్కో నుంచి):
ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. నాన్నగారికి కథ చెప్పాను, ఇప్పుడే బయలుదేరదామంటున్నారు. అమ్మ పొద్దున్నే అక్కడే ఉప్మా చేస్తానంటోంది. కట్టెల పొయ్యి పెట్టుకోవచ్చా?

జవాబు (డెంటన్ నుంచి):
ముందు రోజు బర్న్ బ్యాన్ (బయట మంట వేయకూడదనే నిషేధం) ఉందేమో చూసుకోండి. ఉంటే కట్టెలు అసలు ముట్టించొద్దు, గ్యాస్ స్టవ్‌కైనా ఆఫీసులో అడిగాకే. లేకపోతే ఇదివరకే ఇనుప చట్రం ఉన్నచోటే మంట వేయండి, ఎండుగడ్డికి దగ్గరలో వద్దు. పడుకునే ముందు నీళ్లు పోసి, పుల్లతో బూడిద కలియబెట్టి, చెయ్యి దగ్గర పెట్టి చూడండి. ఇంకా వేడి తగులుతుంటే మళ్లీ పోయాలి. దానికోసమే ఒక నీళ్ల క్యాన్ విడిగా పెట్టుకోండి, అమ్మగారి ఉప్మాకి వాడేయకుండా.