అప్‌డేట్: తిరుపతిలో మా హెచ్‌ఐవీ ప్రాజెక్టుకు ఆగిన గ్రాంటు వచ్చేసింది

ట్రాన్స్ మహిళలు, గే యువకుల మధ్య పనిచేసే మా చిన్న సంస్థకు టీఐ ప్రాజెక్టు (హెచ్‌ఐవీ ముప్పు ఎక్కువున్నవాళ్ల మధ్య చేసే నివారణ పని) తర్వాతి విడత ఆగిపోయిందని, తోటివాళ్లకు అవగాహన కల్పించే పీర్ ఎడ్యుకేటర్లకు జీతాలివ్వలేక టెన్షన్‌గా ఉందని ఇక్కడ అడిగాను కదా. డబ్బు ఖాతాలో పడింది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనికొచ్చింది "ముందు యూసీని (గ్రాంటు ఎలా ఖర్చయిందో చూపే వినియోగ పత్రం) పాస్‌బుక్ పక్కన పెట్టి చూడండి" అన్న మాటే. ఆడిటర్ గారు వేలు పెట్టి మరీ చూపించారు: బ్యాంకు వేసిన వడ్డీ పాస్‌బుక్‌లో ఉంది, యూసీలో లేదు. చిన్న మొత్తమే. అయినా మిగులు నిల్వ కలవక ఫైలు అక్కడే కూర్చుంది. సవరించిన యూసీ, ఖర్చుల పట్టిక పంపాక కదిలింది.

ఎఫ్‌సీఆర్‌ఏ అనే చట్టం గొడవ మాకు అక్కర్లేదని తేలింది. అది విదేశీ విరాళాలకే. మాది న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) నుంచి రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ద్వారా వచ్చే డబ్బు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ నిధులకైతే సీఎస్‌ఆర్-1 అనే ఫారంతో నమోదు కావాలి, ఆ పని మొదలుపెట్టాం. ఏ దాతయినా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల పేర్లు అడిగితే ఇవ్వకండి. వాళ్ల సమ్మతి లేకుండా బయటపెట్టడానికి 2017 హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు.

ఇన్నాళ్లూ హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మాత్రం ఆగలేదు, అవి ప్రభుత్వ సెంటర్లో ఉచితం. పరీక్షకు తోడు వెళ్లే మనిషే కరువయ్యారు.