13 జట్లు మారినవాణ్ణి అందరూ వద్దనుకున్నట్టా, అందరూ కావాలనుకున్నట్టా?

మూడో క్వార్టర్:
నిన్న ఒక మిత్రుడితో మొదలైన వాదన ఇంకా తెగలేదు, ఇక్కడ పెడుతున్నాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అత్యధిక జట్లకు ఆడిన రికార్డు ఇష్ స్మిత్‌ది. మొత్తం 13 జట్లు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2010లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. హ్యూస్టన్‌తో మొదలుపెట్టి 2022లో డెన్వర్ చేరేసరికి 30 జట్ల లీగ్‌ను దాదాపు సగం చుట్టేశాడు. 2023లో డెన్వర్ గెలిచింది కనుక ఛాంపియన్‌షిప్ ఉంగరం కూడా దక్కింది. దీన్ని మా మిత్రుడు గొప్ప క్రీడాజీవితం అంటాడు. నేను ఒప్పుకోను. డర్క్ నోవిట్జ్‌కీని డల్లాస్ 21 సీజన్లు వదల్లేదు. పనికొచ్చేవాణ్ణి ఎవరు పోనిస్తారు? ఇక ఆ ఉంగరం మాట. ఛాంపియన్‌ను తేల్చే ఆ ప్లేఆఫ్స్‌లో అతను ఆడిన నిమిషాలు నామమాత్రం. పల్లకీ మోసింది ఒకరు, ఊరేగింది ఇంకొకరు.

ఆరో ఆటగాడు:
పోనిచ్చారు అన్నచోటే మీ వాదన జారుతోంది. 2014-15 సీజన్ చివర్లో ఫిలడెల్ఫియా అతన్ని ఆడించుకుని, వేసవిలో పోనిచ్చింది. అతను న్యూ ఆర్లియన్స్‌కు వెళ్లాడు. డిసెంబరు వచ్చేసరికి ఫిలడెల్ఫియా 31 ఆటలు ఆడి ఒక్కటి గెలిచింది. బంతిని అవతలి కోర్టుదాకా తీసుకెళ్లి బుట్టలో వేయవలసిన చేతికి అందించే మనిషి లేడు. అప్పుడు, ఊరికే వదిలేసిన ఆ ఆటగాణ్ణే రెండు రెండో రౌండు డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త ఆటగాణ్ణి ఎంచుకునే హక్కులు) చెల్లించి వెనక్కి తెచ్చుకుంది. పనికిరానివాడికి ఎవరైనా అంత ఇస్తారా?

మూడో క్వార్టర్:
ఆ సీజన్‌లో ఫిలడెల్ఫియా మొత్తం గెలిచినవి 10. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం.

ఆరో ఆటగాడు:
ఆ పదిలో తొమ్మిది అతను వచ్చాక గెలిచినవే. మరుసటి వేసవిలో డెట్రాయిట్ మూడేళ్లకు 1.8 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకుంది, మూడేళ్లూ ఉంచుకుంది. అక్కడ చెట్లు ఉన్నాయి కదా?

జమాఖర్చు:
మీరిద్దరూ ఇష్టాయిష్టాల గురించి కొట్లాడుతున్నారు. ఆటగాడు చేతులు మారే సందర్భాల్లో చాలావాటికి ఇష్టంతో పని లేదు, అంతా లెక్కే. లీగ్ పెట్టిన జీతాల పరిమితి దాటిన జట్టు ఎవరినైనా తెచ్చుకోవాలంటే, తాను పంపే జీతాల మొత్తం వచ్చే జీతానికి తగినట్టు ఉండాలి. ఆ తూకం కుదరకపోతే బేరం లేదు. కాబట్టి మధ్యస్థమైన కాంట్రాక్టు ఉన్నవాడు త్రాసులో పడికట్టు రాయి అవుతాడు. 2022 బేరమే చూడండి. డెన్వర్ కన్ను కెంటావియస్ కాల్డ్‌వెల్-పోప్ మీద ఉంది. వాషింగ్టన్ అతనితోపాటు ఇష్ స్మిత్‌ను పంపి, విల్ బార్టన్‌నూ మాంటే మోరిస్‌నూ తీసుకుంది. 13వ జట్టు రికార్డు అలా, ఇంకొకరి కోసం జరిగిన బేరంలో పుట్టింది. అందులో అవమానమూ లేదు, ఘనతా లేదు.

కనీస వేతనం సంగతి ఇంకా విచిత్రం. లీగ్‌లో ఎన్ని సీజన్లు గడిపితే కనీస జీతం అంత పెరుగుతుంది. అలా వదిలేస్తే ఏ జట్టైనా అనుభవజ్ఞుణ్ణి వదిలి చవకగా వచ్చే కుర్రాణ్ణే తీసుకుంటుంది. అది జరగకుండా, అనుభవజ్ఞుడికి ఒక్క ఏడాదికి కనీస వేతన కాంట్రాక్టు ఇస్తే, రెండేళ్ల అనుభవం ఉన్నవాడి స్థాయి వరకే జట్టు భరిస్తుంది, మిగతాది లీగ్ చెల్లిస్తుంది. అయితే ఆ సాయం ఒక్క ఏడాది కాంట్రాక్టుకే. ఏటా కొత్త కాంట్రాక్టు, ఏటా కొత్త ఊరు. ఆ నిబంధన అతని కొలువును కాపాడుతూనే ఇల్లు కుదురుగా ఉండనివ్వదు.

నిఘంటువు పురుగు:
చిన్న పక్కదారి. ఇలాంటివాళ్లను జర్నీమ్యాన్ అంటారు, ఊళ్లు తిరుగుతారు కనుక ఆ పేరు వచ్చిందని చాలామంది అనుకుంటారు. అందులోని జర్నీ ప్రయాణం కాదు. ‘రోజు’ అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. శిష్యరికం పూర్తిచేసి, పని క్షుణ్ణంగా వచ్చి, సొంత దుకాణం మాత్రం లేక రోజు లెక్కన కూలి తీసుకునే వృత్తికారుడికి ఆ పేరు. పని రానివాడని ఆ మాటలో ఎక్కడా లేదు.

జమాఖర్చు:
పక్కదారి కాదు, అసలు దారే అది. ఎన్‌బీఏలో ఈనాటికీ రోజు లెక్క ఉంది. జనవరి 5 నుంచి పదిరోజుల కాంట్రాక్టులు ఇస్తారు. ఒకే జట్టు ఒక సీజన్‌లో ఒక ఆటగాడికి రెండు మాత్రమే ఇవ్వగలదు. ఆ ఇరవై రోజులు ముగిశాక సీజన్ చివరిదాకా ఉంచుకోవాలి, లేదా పంపించాలి. పింఛను హక్కు రావాలంటే మూడు సీజన్ల సర్వీసు ఉండాలి. 2016లో ఆటగాళ్ల సంఘం విశ్రాంత ఆటగాళ్లకు ఆరోగ్య బీమా పెట్టినప్పుడు కూడా గీత మూడేళ్ల దగ్గరే గీసింది. బెంచి చివర కూర్చున్నవాడు మనకు కోర్టు కేసి చూస్తున్నట్టే కనిపిస్తాడు. అతని మనసు మాత్రం క్యాలెండరు మీద ఉంటుంది.

మూడో క్వార్టర్:
జీవనోపాధి కష్టమైనదని నేను కాదనలేదే! సానుభూతి వేరు, గొప్పదనం వేరు. సరే, ఇంకో స్మిత్‌ను తెస్తాను. జో స్మిత్. 1995 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి ఎంపిక. తర్వాత లీగ్ దిగ్గజమైన కెవిన్ గార్నెట్ అదే ఏడాది ఐదో స్థానంలో పోయాడు. జో స్మిత్ చివరికి 12 జట్లు తిరిగాడు, ఆటకు సగటు 11 పాయింట్లు కూడా లేవు. దీన్ని కూడా విజయమే అంటారా?

ఆరో ఆటగాడు:
మొదటి ఎంపిక అనే కొలబద్ద అతను అడిగి తెచ్చుకున్నది కాదు. 16 సీజన్లు, వెయ్యికి పైగా ఆటలు. అతని కథలో పెద్ద మలుపు మిన్నెసోటా. ముందు తక్కువ జీతానికి ఆడితే తర్వాత భారీ కాంట్రాక్టు ఇస్తామని ఆ జట్టు రహస్య ఒప్పందం చేసుకుంది. 2000లో అది బయటపడింది. లీగ్ కాంట్రాక్టును రద్దు చేసి, జట్టుకు 35 లక్షల డాలర్ల జరిమానా వేసి, మొదటి రౌండు పిక్‌లు లాగేసుకుంది. అతను డెట్రాయిట్ వెళ్లవలసి వచ్చింది. ఏడాది తిరగకుండానే మళ్లీ మిన్నెసోటాకే వచ్చాడు. దాన్ని ‘ఎవరికీ అక్కరలేనివాడు’ అన్న గడిలో ఎలా వేస్తారు?

మూడో క్వార్టర్:
అతను కూడా ఆ ఒప్పందంలో భాగస్వామే కదా. అయినా ఇది బలమైన మాటే, కాదనను.

వెనక వరుస:
కెవిన్ ఓలీ పేరు ఇంకా ఎవరూ ఎత్తలేదేమిటి? 1995లో డ్రాఫ్ట్ కాలేదు. 13 సీజన్లలో 11 ఫ్రాంచైజీలు. చివరి సీజన్ 2009-10, ఓక్లహోమా సిటీలో. అప్పటికి ఆ జట్టు తార కెవిన్ డ్యురాంట్‌కు 21 ఏళ్లు, జేమ్స్ హార్డెన్‌కు అదే తొలి సీజన్. ముందు ఏడాది 23 ఆటలు గెలిచిన జట్టు ఆ ఏడాది 50 గెలిచింది. జట్టు తీరునే మార్చినవాడు ఓలీ అని తర్వాత డ్యురాంటే చెప్పాడు.

మూడో క్వార్టర్:
50 గెలుపులకు కారణం డ్యురాంట్ ఆ ఏడాది సగటున 30 పాయింట్లు వేసి లీగ్‌లో మొదటివాడు కావడం. మర్యాదకు అన్న మాటను సాక్ష్యంగా తీసుకోలేం.

వెనక వరుస:
గెలుపులు డ్యురాంట్‌వే, నేను ఓలీ ఖాతాలో వేయడం లేదు. సాధనకు ముందుగా ఎవరు రావాలి, ఓడిన రాత్రి ఎలా నిద్రపోవాలి, ఇవి కుర్రాళ్లకు కోచ్ చెబితే ఉపన్యాసం. పది చోట్ల నెగ్గుకొచ్చినవాడు చేసి చూపిస్తే నమ్మకం. ఓలీకి అది వచ్చని తర్వాత రుజువైంది కూడా. 2014లో కనెక్టికట్ విశ్వవిద్యాలయం కోచ్‌గా కళాశాలల జాతీయ ఛాంపియన్‌షిప్ గెలిచాడు.

ఆరో ఆటగాడు:
జట్ల సంఖ్యే కొలత అనుకుంటే పి.జె. టక్కర్‌ను ఎక్కడ పెడతారు? 2006లో టొరంటో 35వ ఎంపికగా తీసుకుని ఏడాది నిండకుండానే వదిలేసింది. ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ తిరిగి 2012లో ఫీనిక్స్‌తో తిరిగొచ్చాడు. 2021లో మిల్వాకీతో ఛాంపియన్. ఆ ఐదేళ్లు ఎన్‌బీఏ పట్టికలో ఖాళీగా కనిపిస్తాయి, కానీ అతను తయారైంది అక్కడే. విదేశాల్లో ఆడటమంటే సుఖమనుకోకండి. జీతాల తగాదాలు ఎంత ఎక్కువంటే వాటిని తీర్చడానికి 2007లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా ప్రత్యేకంగా మధ్యవర్తిత్వ మండలిని ఏర్పాటుచేసింది.

మూడో క్వార్టర్:
సరే. ‘పనికొచ్చేవాణ్ణి ఎవరు పోనిస్తారు’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, జమాఖర్చు గారి త్రాసు లెక్క నాకు కొత్త. కానీ కెరీర్ గొప్పది అనడానికి ఉంగరాన్ని ముందుకు తోయకండి. ఆ మాట మీద కదలను.

జమాఖర్చు:
ఉంగరం అక్కరలేదు. టోనీ మాసెన్‌బర్గ్‌ను చూడండి. 1990లో శాన్ ఆంటోనియో రెండో రౌండులో తీసుకుని, తర్వాత వదిలేసింది. 12 జట్లు పూర్తిచేశాడు. 2004-05లో, చివరి సీజన్‌కు, మళ్లీ శాన్ ఆంటోనియోనే పిలిచింది. ఆ ఏడాది ఆ జట్టే ఛాంపియన్.

మూడో క్వార్టర్:
తిరిగి తిరిగి ఉంగరం దగ్గరికే వచ్చారు!

జమాఖర్చు:
ఉంగరం దగ్గరికి కాదండీ, మొదట వదిలేసిన జట్టు దగ్గరికి.